మూడో కూత

శ్రీయుత ప్రత్యేకాధికారి గారి సముఖమునకు,
విపత్తు ముందస్తు హెచ్చరిక పథకం.

అర్జీదారు: కె. స్టాన్లీ, బి.కాం., మాజీ టైమాఫీసు గుమాస్తా (జూట్‌మిల్లు, ప్రస్తుతం లాకౌట్), చినగెడ్డపేట, గజపతినగరం దారి.

విషయం: మా ఊరి హెచ్చరిక స్తంభం మీది సైరన్ కూతను రాబోయే తుపానులోగా మార్పించుట గురించి, నా భార్య రాజకుమారి మరణ నివేదికలో ఒక వాక్యం సరిచేయించుట గురించి.

సూచిక: ఇదే విషయమై నేను లోగడ ఇచ్చుకున్న అర్జీ, అది "పరిష్కరించబడినది" అంటూ నా ఫోనుకు వచ్చిన సందేశం.

అయ్యా,

తొందరలో రాస్తున్నాను. బంగాళాఖాతంలో అల్పపీడనం ఏర్పడిందని పొద్దున వార్తల్లో చెప్పారు. అది వాయుగుండమై, తుపానై, మన వైపుకే రావచ్చునట. రాకపోవచ్చునట. వస్తే మా ఊరి స్తంభం మీది సైరన్ మళ్లీ మోగుతుంది. మోగితే మా ఊరి జనం మళ్లీ గెడ్డలోకి నడుస్తారు. అది జరగకూడదని ఈ అర్జీ. మిగిలినదంతా వివరణ. తమకు తీరిక లేనట్లయితే ఇంతవరకు చదివి, ఆ సైరన్‌కు వెళ్లే తీగ పీకించవలసిందిగా ప్రార్థన. తీరిక ఉన్నట్లయితే కింది అంశాలు.

1. ఊరి స్వరూపం.

మా ఊరికి ఒక పక్క చర్చి మెట్ట. ఎత్తైన నేల. ఎంత వరద వచ్చినా అక్కడికి నీరు ఎక్కదు. రెండో పక్క గెడ్డ, కొండల నుంచి వచ్చే వాగు. గెడ్డకు అవతల జూట్‌మిల్లు. ఊరికీ మిల్లుకూ మధ్య గెడ్డ మీద ఒక కాజ్‌వే ఉంది. మామూలు రోజుల్లో దాని మీద సైకిళ్లు పోతాయి. వానాకాలంలో దాని మీదుగా నీళ్లు పోతాయి. దాని స్థానంలో వంతెన కావాలని ఊరివాళ్లు అడుగుతూనే ఉన్నారు. ఈ అర్జీ వంతెన గురించి కాదు.

2. కూత అనే మాట గురించి.

మా ఊళ్లో సైరన్ అంటే అంబులెన్సుది, లేదా పోలీసు జీపుది. మిల్లుది సైరన్ కాదు, కూత. ఈ భేదం తమ శాఖ వారికి చిన్నదిగా తోచవచ్చు.

మిల్లు నడిచిన రోజుల్లో తెల్లవారుజాము షిఫ్టుకు మూడు కూతలుండేవి. మొదటి కూతకు లేవాలి. రెండో కూతకు గెడ్డ దాటాలి. మూడో కూతకు గేటు మూస్తారు. గేటు మూసిన తర్వాత వచ్చిన మనిషికి ఆ రోజు పని లేదు. ఆ స్విచ్చి టైమాఫీసులో ఉండేది. ఆ మూడు కూతలూ వేసే ఉద్యోగం నాది.

ఆ సైరన్ పాతది. లోపల ఒక రెక్క వంగి ఉండేది. అందువల్ల కూత ఎత్తుకునే ముందు రెండుసార్లు 'ఖ్హు, ఖ్హు' మని దగ్గేది. కార్మికులు దాన్ని ముసిలోడు అనేవారు. "ముసిలోడు దగ్గినాడు, లెగండెహె" అని అరుగుల మీద పడుకున్నవాళ్లు ఒకరినొకరు తట్టుకునేవారు. రెక్క బాగు చేయిద్దామని నేను మేనేజరు గారికి చెబితే కార్మికులే వద్దన్నారు. ఆ దగ్గు వినబడ్డాక కూత వచ్చేలోపల దుప్పటి తీయడానికి కాస్త వ్యవధి దొరుకుతుందట.

మిల్లు లాకౌటై ఏళ్లు గడిచాయి. శాశ్వతంగా మూసేశారని ఎవరూ నమ్మలేదు. పండగకు తెరుస్తారు, ఎన్నికలకు తెరుస్తారు, కొత్త యజమాని వస్తాడు అనుకుంటూనే ఉన్నారు. నా భార్య స్పిన్నింగులో పనిచేసేది. తన గేటు కార్డును బైబిలులో దాచుకుంది. నేను విజయనగరంలో ఒక బట్టల కొట్టులో లెక్కలు రాసే పనిలో కుదిరి, శనివారాలు ఇంటికి వచ్చేవాణ్ణి.

3. స్తంభం.

రెండేళ్ల కిందట మా ఊళ్లో హెచ్చరిక స్తంభం కట్టారు. వాతావరణం మారిపోతున్నదని, వానలు ఇకముందు చెప్పాపెట్టకుండా కుండపోతగా పడతాయని, అందుకు ప్రభుత్వం వారు ఈ పథకం పెట్టారని ప్రారంభోత్సవంలో చెప్పారు. ఎగువన కొండల్లో నీటిమట్టం పెరిగితే ఇక్కడ దానంతట అదే మోగుతుందన్నారు. మంచి ఏర్పాటే. రిబ్బను కత్తిరించారు. ఆ రోజు కరెంటు లేనందున మోగించి చూపలేదు. బదులుగా మైకులో దేశభక్తి పాట వేశారు.

కరపత్రాలు పంచారు. నా దగ్గర ఒకటి ఉంది. "మొదటి దీర్ఘధ్వనికి అప్రమత్తులు కావలెను. రెండవ దీర్ఘధ్వనికి గృహములను ఖాళీ చేయవలెను. మూడవ దీర్ఘధ్వని లోపుగా సురక్షిత ప్రాంతమునకు చేరవలెను." కరపత్రంలో తప్పు లేదు. కూత అన్న మాట కూడా లేదు.

అయ్యా, మొదటిదానికి లేవడం, రెండోదానికి ఇల్లు విడవడం, మూడోదాని లోపల చేరడం. ఇవి మా ఊరికి కొత్తగా ఎవరూ నేర్పనక్కరలేదు. చేరవలసిన చోటు ఒక్కటే వేరు.

4. సంఘటన.

పోయిన ఏడాది తుపాను ఒడిశా వైపు తీరం దాటింది. మా ఊళ్లో రాత్రి వాన పడి, తెల్లవారుజామున తెరిపి ఇచ్చింది. తుపాను పోయిందనుకున్నారు. కొండల్లో పడుతూనే ఉందని ఎవరికీ తెలియదు. బస్సులు తిరగనందున నేను ఆ శనివారం విజయనగరంలోనే ఉండిపోయాను. ఆ వారంలోనే మిల్లు తెరిచే విషయమై చర్చలు జరిగాయని పేపర్లో పడింది. ఊళ్లో అందరూ దాని గురించే మాట్లాడుకుంటున్నారు.

చీకటి విడుతుండగా నా భార్య ఫోను చేసింది. మా సంభాషణ నాకు గుర్తున్నంతవరకు, మార్పు లేకుండా, సాక్ష్యంగా సమర్పిస్తున్నాను.

"ఏటండీ, మిల్లు కూసింది!"

"మిల్లెక్కడ కూస్తుంది? కలగన్నావా?"

"కల కాదు. ముసిలోడే. దగ్గి మరీ కూసినాడు. ఊరంతా లెగిసిపోనాది. పక్కింటి దేముడమ్మప్ప అప్పుడే జడేసేసుకుంది, సూడాల ఆవిడ కంగారు."

"గెడ్డ ఎలా ఉంది?"

"గెడ్డకేటి, రాత్రి వానకి మోకాలు దాకా ఉంటాది. ఎప్పుడూ దాటనిదా? రెండో కూత కూడా అయిపోనాది, నానెల్తన్నాను. మూడో కూతకి గేటు ముయ్యడానికి మీరు కూడా లేరక్కడ. ఎవుడున్నాడో, ఆడి లెక్కేటో."

నవ్వింది. ఫోను పెట్టేసింది. నేను తిరిగి చేశాను. మోగింది. మళ్లీ చేశాను. మోగింది. తర్వాత మోగలేదు.

ఆమె ఎప్పుడూ గేటు దగ్గరికి అందరికంటే ముందు చేరేది. దానికి కారణం ఉంది. టైమాఫీసువాడి పెళ్ళాం కనుక ఆలస్యమైనా గేటు ఆపుతారని తోటివాళ్లు ఎకసెక్కాలాడేవారు. "నీకేటే రాజకుమారీ, నువ్వు తొంగోని లెగిసొచ్చినా నీ మొగుడు గేటట్టుకోని నిలబడతాడు" అనేవారు. ఆ మాట పడలేక, మిల్లు నడిచినన్నాళ్లూ ఆమె రెండో కూతకు గెడ్డ దాటి అవతల ఉండేది. ఆ రోజు కూడా ముందు ఆమే ఉంది.

మిగిలింది దేముడమ్మ గారి మాటల్లో. ఆమె మా పక్కింటి మనిషి, వైండింగులో పనిచేసేది, నాకు అప్ప, అంటే అక్క వరస. నేను అడిగినప్పుడు ఇలా చెప్పింది:

"కాజ్‌వే మీదకి రాజకుమారే ముందు దిగినాది తమ్ముడూ. మేం ఎనకాల గుంపుగా ఉన్నాం. నీల్లు మోకాల్లకి వచ్చినాయి. రంగు మారిపోనాది, ఎర్రగా. నాను సూసి, ఒలే ఆగే, గెడ్డ బాగోలేదే అని కేకేసినాను. అప్పుడే మూడో కూత కూసినాది. కూత ఇని అది పరిగెట్టినాది. ఆగితే గేటు మూసెత్తారప్పా అన్నాది, ఎనక్కి తిరిగి కూడా సూడలేదు. అంతే. గోడలాగ వచ్చీసినాది నీరు."

మూడవ దీర్ఘధ్వని సకాలంలోనే మోగిందని తమ నివేదికలో ఉంది. నిజం. సకాలంలోనే మోగింది.

వెనక ఉన్నవాళ్లను దేముడమ్మప్ప జుట్లు పట్టుకుని వెనక్కి లాగింది. వాళ్లు బతికారు. నా భార్య మర్నాడు దిగువన జీడితోటల దగ్గర దొరికింది. గేటు కార్డు జాకెట్టులో ఉంది.

5. గ్రామసభ.

నెల తర్వాత హైస్కూలు ఆవరణలో సభ పెట్టారు. పథకం తరఫున ధర్మేంద్ర గారనే యువకుడు వచ్చారు. తెర కట్టి బొమ్మలు చూపించారు. సముద్రం వేడెక్కడం గురించి, మబ్బులు ఎక్కువ నీరు మోయడం గురించి, ఒకే రాత్రిలో నెల వాన పడటం గురించి చెప్పారు. బాగా చెప్పారు. నాకు తెలిసినంతవరకు ఆయన చెప్పినదాంట్లో అబద్ధం లేదు.

మా ఊరి రైతు అప్పలసూరి లేచాడు. "బాబూ, సముద్రం ఏడెక్కినాదంటన్నావు. ఎక్కినాదే అనుకుందాం. ఇక్కడికి సముద్రం ఎంత దూరం? మా గెడ్డకీ దానికీ ఏటి సమ్మంధం?"

ధర్మేంద్ర గారు ఓపికగా చెప్పారు. అక్కడ లేచిన మబ్బు ఇక్కడి కొండకు తగిలి కురుస్తుందన్నారు.

"మరైతే ఆ మబ్బుకి సెప్పుకోవాల గానీ, మాకు గడకర్ర పాతితే ఆగిపోద్దా?" అన్నాడు అప్పలసూరి. జనం నవ్వారు. "ఆ గడకర్రకి పెట్టిన సొమ్ము గెడ్డ మీద పెట్టుంటే వంతెన సగమైనా లెగిసును."

యూనియన్ నాయకుడిగా పనిచేసిన గణపతిరావు గారు అడ్డు తగిలారు. "వంతెన మీద నుంచి ఎల్లి ఏటి సేస్తావురా, అవతల మిల్లే లేదు. ముందర మిల్లు తెరిపించమను."

"నీకెప్పుడూ మిల్లే మావా."

"నీకెప్పుడూ సబ్సిడీయే."

ఇంకొకరు, గాలివానలు తాతలనాడూ వచ్చాయని, ఇదంతా టెండర్ల కోసం పుట్టిన మార్పు అని అన్నారు. మరొకరు, తాతలనాడు సంక్రాంతికి పంట ఇంటికొచ్చేదని, ఇప్పుడు నీళ్లలో తేలుతోందని, అది మార్పు కాకపోతే ఏమిటని అడిగారు. టీవీల్లో జరిగే వాదనే మా షామియానా కింద కూడా జరిగింది. తేడా ఏమంటే టీవీలో వాదించేవాళ్లు తర్వాత అదే గెడ్డ దాటి ఇళ్లకు వెళ్లనక్కరలేదు.

ఎవరిది న్యాయమో తేల్చే చదువు నాది కాదు. ఆకాశం మారిందనే నేను అనుకుంటున్నాను. కాలాలు మారాయి. గెడ్డ మారింది. కూత మారలేదు. నా ఫిర్యాదు అంతవరకే.

వాదన పెరిగే కొద్దీ ధర్మేంద్ర గారికి విసుగు వచ్చింది. ఆయన్ని తప్పుపట్టను. "వంతెనకు ఏళ్లు పడుతుందండీ. సైరన్ ఇప్పటికిప్పుడు ప్రాణం కాపాడుతుంది. ఆ రోజు మోగింది. టైముకు మోగింది. వినకపోతే మేమేం చేయగలం?" అన్నారు.

కొందరు నా వైపు చూశారు.

దేముడమ్మప్ప కూర్చున్నచోటి నుంచే అంది: "ఇన్నాం బాబూ. ఇన్నాం కాబట్టే ఎల్లినాం."

ధర్మేంద్ర గారు ఆమె మాట అర్థం చేసుకోలేదు. నవ్వి, కాగితం మీద "అవగాహన లోపం" అని రాసుకున్నారు. నేను ఆయన పక్కనే ఉన్నాను కనుక కనిపించింది.

6. స్తంభం ఎక్కుట.

ఇది నేను అనుమతి లేకుండా చేసిన పని. చర్య తీసుకోదలచినట్లయితే తీసుకోవచ్చును.

ఊరివాళ్లంతా ముసిలోడే కూశాడంటున్నారు. దగ్గు కూడా విన్నామంటున్నారు. నాకు అది అర్థం కాలేదు. రెండు సైరన్లు ఒకేలా కూయవచ్చు. ఒకేలా దగ్గవు. నేను ఆ దగ్గును ఉద్యోగకాలమంతా విన్నవాణ్ణి. సభ జరిగిన మర్నాడు, పట్టపగలు, అందరూ చూస్తుండగా నిచ్చెన ఎక్కాను.

సైరన్‌కు కొత్త నీలం రంగు వేసి ఉంది. కింది అంచున వేయలేదు. అక్కడ ఎర్ర రంగుతో రెండు అక్షరాలున్నాయి. "టై.ఆ." టైమాఫీసు. ఒక ఏడాది సరుకుల తనిఖీ అప్పుడు మా ఆఫీసు వస్తువులన్నిటి మీదా నేనే రాశాను. చేతివ్రాత నాది. వేలు పెట్టి చూస్తే లోపలి రెక్క వంగే ఉంది.

మిల్లు సామాను తుక్కు కింద వేలం వేసినప్పుడు లారీలు వచ్చి తీసుకుపోయాయి. అందులో ఇదీ పోయి ఉంటుంది. ఎక్కడెక్కడ తిరిగిందో, ఎవరు రంగు వేశారో, కొత్త సైరన్ పేరున మా ఊరికే ఎలా తిరిగి వచ్చిందో నాకు తెలియదు. ప్రభుత్వం సొమ్ము దేనికి పెట్టింది, ఏది కొన్నది అన్నది ఆడిట్ వారి సంగతి. నేను అందులోకి పోను.

నేను చెప్పేది ఒకటే. మా వాళ్లు పొరపడలేదు. రాజకుమారి పొరపడలేదు. "కల కాదు" అని ఆమె నాతో అంది. ఆ రోజు కూసింది మిల్లే.

7. లోగడ అర్జీ ఏమైనది.

కూత మార్చమని అర్జీ ఇచ్చాను. కంప్యూటరు దగ్గర ఉన్న అమ్మాయి ఏ పద్దు కింద వేయాలో తెలియక ఇబ్బంది పడింది. చివరికి "శబ్ద కాలుష్యం" కింద వేసింది. దానిపై ఇద్దరు ఉద్యోగులు యంత్రం పట్టుకుని వచ్చారు. సైరన్ మోగనందున శబ్దమేమీ నమోదు కాలేదు. "పరిమితికి లోబడి ఉన్నది, పరిష్కరించబడినది" అని నాకు సందేశం వచ్చింది. తర్వాత ఫోనులో ఒక గొంతు, నేను సంతృప్తి చెందినట్లయితే ఒకటి, చెందనట్లయితే రెండు నొక్కమంది. నేను రెండు నొక్కాను. "ధన్యవాదాలు" అంది.

ఈలోగా అదే పథకం కింద ఊళ్లో అవగాహన సదస్సు జరిపారు. సైరన్ వినగానే చర్చి మెట్టకు వెళ్లాలని అందరి చేతా చెప్పించారు. అందరూ చెప్పారు. నేనూ చెప్పాను.

8. నివేదికలోని వాక్యం.

నా భార్య గురించి తమ కార్యాలయ నివేదికలో ఉన్న వాక్యం ఇది: "సదరు మహిళ హెచ్చరిక సైరన్‌ను లక్ష్యపెట్టక, వరద వైపునకు వెళ్లినందున మరణించినది."

ఆమె జీవితంలో ఏ కూతనూ లక్ష్యపెట్టకుండా లేదు. జ్వరం వచ్చిన రోజు కూడా మొదటి కూతకు లేచింది. ఈ వాక్యం మీద నాకు కోపం లేదు. అది నిజం కాదు, అంతే. నేను టైమాఫీసులో పనిచేశాను. ఆలస్యంగా రాని మనిషిని ఆలస్యంగా వచ్చినట్టు రాస్తే ఊరుకునేవాణ్ణి కాదు.

కావున తమరిని కోరుకునేవి:

అ) తుపాను ఎటు పోతుందో తేలేదాకా ఆగకుండా, ఆ సైరన్‌ను వెంటనే దింపించండి. దాని స్థానంలో మనిషి గొంతు పెట్టించండి. "ప్రజలు అప్రమత్తులు కావలెను" అని కాకుండా, "గెడ్డ వస్తంది, గెడ్డకాడికి ఎల్లకండి, చర్చి మెట్టకి బేగి నడండి" అని మా మాటలో చెప్పించండి. గొంతు కోసం ఎవరినీ వెతకనక్కరలేదు. దేముడమ్మ గారు ఒప్పుకున్నారు. ఆమె కేక వేస్తే ఎలా ఉంటుందో ఆ రోజు బతికినవాళ్లకు తెలుసు.

ఆ) దింపిన సైరన్‌ను తుక్కుకు అమ్మవద్దు. ఎవరో కొంటారు. రంగు వేస్తారు. ఇంకో ఊళ్లో కడతారు. ఈ జిల్లాల్లో మూతపడ్డ మిల్లు మాది ఒక్కటే కాదు. పగలగొట్టించండి. వీలైతే నా ఎదుట.

ఇ) పైన చెప్పిన వాక్యాన్ని కొట్టివేసి, "సదరు మహిళ కూత విని, సకాలంలో బయలుదేరి మరణించినది" అని రాయించండి.

ఈ అర్జీలో నేను పరిహారం అడగలేదు. వంతెన అడగలేదు. మిల్లు తెరిపించమనీ అడగలేదు. అవి అడిగేవాళ్లు వేరే ఉన్నారు, వాళ్లు అడగడంలో న్యాయం ఉంది. నేను అడిగినదానికి ఒక నిచ్చెన, ఒక పానా, ఒక పూట చాలు.

తమ చిత్తం ఎప్పుడు కుదిరితే అప్పుడు చిత్తగించవలెనని రాయడం ఆనవాయితీ. గెడ్డ అంతదాకా ఆగదు కనుక, ఈ రోజే చిత్తగించవలెను.

తమ విధేయుడు,
కె. స్టాన్లీ

తాజా కలం: సంతకం పెట్టి, కవరులో పెట్టబోతుండగా, ఊరు మధ్యాహ్నం కునుకులో ఉన్న వేళ, సైరన్ మోగింది. తుపాను సన్నాహాల్లో భాగంగా పరీక్షించారని తర్వాత తెలిసింది. ముందుగా ఎవరూ చెప్పలేదు.

అది దగ్గింది. కూసింది.

అయ్యా, పైన ఇంత రాశాను. అది ఎక్కడి సైరనో, ఏ స్తంభం మీద ఉందో, దాని మీద ఏ అక్షరాలున్నాయో ఈ ఊళ్లో నాకంటే బాగా తెలిసినవాడు లేడు. కూత విన్నాక ఎటు వెళ్లాలో సదస్సులో గట్టిగా చెప్పినవాణ్ణి. కూత ఆగేసరికి నేను చెప్పులు వేసుకుని వీధిలో ఉన్నాను. చర్చి వైపు లేను. గెడ్డ వైపు తిరిగి ఉన్నాను. చేయి చొక్కా జేబులో టైమాఫీసు తాళాల కోసం వెతుకుతోంది.

ఎదురుగా దేముడమ్మప్ప. చేతిలో క్యారేజీ.

ఆమె నా చెప్పుల వైపు చూసింది.

"నువ్వు కూడానేటి తమ్ముడూ?" అంది.

"నేను కూడా అప్పా."

"మరింకెవుల్ని అంటాం." క్యారేజీ వైపు చూసుకుని, "దీంట్లో ఏటీ లేదు. వట్టిదే అట్టుకొచ్చీసినాను" అంది.

రెండో కూత మొదలైంది. వీధిలో తలుపులు తీస్తున్న చప్పుడు వినిపించింది. అప్ప క్యారేజీ అరుగు మీద పెట్టింది. మేమిద్దరం పరిగెత్తి వాళ్లకంటే ముందు కాజ్‌వే దగ్గరికి చేరాం. చెరో పక్కన చేతులు చాపి అడ్డంగా నిలబడ్డాం. మూడో కూత కూసేసరికి జనం వచ్చారు. ఎవరెవరు వచ్చారో తమకు చెప్పను. అప్పలసూరి కూడా వచ్చాడు, అతను మిల్లులో ఒక్కరోజు పనిచేసినవాడు కాదు. వచ్చి, మమ్మల్ని చూసి, కళ్లు నలుపుకుంటూ, ఎందుకొచ్చారో వాళ్లకే తెలియక నిలబడ్డారు.

ఈ రోజు గెడ్డలో నీళ్లు చీలమండ దాకా లేవు. ఎవరికీ ఏమీ కాలేదు.

నేను బట్టల కొట్టుకు సెలవు పెట్టాను. అల్పపీడనం రేపటికి వాయుగుండమవుతుందంటున్నారు. తమరు సైరన్ దింపించేదాకా నేనూ అప్పా వంతులవారీగా కాజ్‌వే దగ్గరే ఉంటాం. తమ మనుషులు నిచ్చెన పట్టుకుని వస్తే ఇంటి దగ్గర వెతకవద్దని చెప్పండి. గేటు దగ్గర ఉంటాను.